ఒక కుర్చీ - ఇద్దరు పంతులమ్మలు

ఇద్దరు మనుషులు కలిసి ఒకే పని చెయ్యడం తెలుగువాళ్ళకు కొత్త విద్యేమీ కాదు. నంది మల్లయ, ఘంట సింగన అనే ఇద్దరు మహానుభావులు పదిహేనో శతాబ్దంలోనే ఒకే కావ్యానికి ఇద్దరమూ కర్తలమని చెప్పుకున్నారు. తరవాత తిరుపతి వేంకటకవులు వచ్చి, ఏ పద్యం ఎవరిదో మీరే తేల్చుకోండి అన్నట్టు ఊరూరా అవధానాలు చేసి సన్మానాలు పట్టుకుపోయారు. పింగళి, కాటూరి వారి సంగతి సరేసరి. ఇంత జంట సంప్రదాయం ఉన్న దేశంలో, ఒక బడిలో ఒక పంతులమ్మ ఉద్యోగాన్ని ఇద్దరు ఆడవాళ్ళు చెరిసగం పంచుకుంటామనేసరికి మాత్రం విన్న ప్రతివాడూ నోరు తెరిచాడు. పద్యాన్ని పంచుకోవచ్చునట గాని జీతాన్ని పంచుకోకూడదట!

ఆ ఇద్దరిలో ఒకతె మా చెల్లెలు. నేను నంద్యాలలో ఒక కాలేజీలో తెలుగు చెబుతాను. దాన్ని ఆళ్ళగడ్డకిచ్చాము. నంద్యాలలో బస్సెక్కి, శిరివెళ్ళ దాటి, మొత్తం ఓ గంట సేపు ఓపిక పట్టి కూర్చుంటే ఆళ్ళగడ్డ వస్తుంది. పైఊళ్ళవాళ్ళకు అది అహోబిలానికి పోయే తోవలో బస్సు మారే ఊరు, లేదా రాతి విగ్రహాలు చెక్కే ఊరు. పేపర్లు చదివేవాళ్ళకు ఇంకో విధంగా కూడా తెలుసు గాని ఆ ప్రస్తావన ఇప్పుడెందుకు? ఇదివరకు రెండూళ్ళూ కర్నూలు జిల్లాలోవి. 2022 ఏప్రిల్ 4న జిల్లాను పంచినప్పుడు రెండూ నంద్యాల జిల్లా వాటాకు వచ్చాయి. జిల్లాలే వేరుపడుతూ ఉంటే ఒక ఉద్యోగం రెండిళ్ళ మధ్య వాటాకు రావడం ఏం విడ్డూరం!

చెల్లెలు ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతి పంతులమ్మ. తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం అన్నీ ఆ తరగతికి తనే చెబుతుంది. ఎనిమిదేళ్ళుగా అదే బడి, అదే తరగతి. ఉన్నట్టుండి వాళ్ళత్తకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. మనిషిని లేపి కూర్చోబెట్టాలి, తినిపించాలి, పక్క మార్చాలి. మా బావకు ఎరువుల అంగడి. నాట్ల కాలంలో ఆయన ఇంటిపట్టున కనపడటమే గగనం. ఆడబిడ్డ ఒకామె పాపం వారంలో సగం రోజులు వచ్చి ఉండగలనంది. సగమే. తతిమ్మా సగానికి చెల్లెలు ఇంట్లో ఉండి తీరాలి. ఎవరు లెక్క వేసినా శేషం ఒకటే తేలింది. బడి మానెయ్యాలి.

జీతం ఎంతని? 12,000. “ఆ మాత్రం దానికి ఎందుకమ్మా ఈ అవస్థ” అని చుట్టాలందరూ తలా ఒకసారి అన్నారు. ఈ ‘ఆ మాత్రం’ అనే మాటను మన ఇళ్ళలో ఆడవాళ్ళ సంపాదన దగ్గరే ఎందుకు వాడతారో భాషాశాస్త్రవేత్తలెవరైనా పరిశోధించవలసిన విషయం. మగవాడు తెచ్చే 12,000ను ‘పన్నెండు వేలు’ అంటారు. ఒకరోజు రాత్రి చెల్లెలు ఫోను చేసింది.

“తక్కువేలే అన్నా. అయితే ఆ డబ్బుకు నేను ఎవురికీ లెక్క చెప్పే పనిలేదు” అంది. ఇంకేమీ అనలేదు. నాకు తరవాత నిద్ర పట్టలేదు.

రెండో ఆవిడది గుంటూరు వైపు. ఆళ్ళగడ్డలో శిల్పుల ఇంటికి కోడలుగా వచ్చింది. అదే బడిలో ఒకటో తరగతి చెప్పేది. కాన్పుకు పుట్టింటికి పోయి బిడ్డతో తిరిగొచ్చేసరికి ఆవిడ తరగతిని ఇంకెవరికో ఇచ్చేసి ఉన్నారు. వారానికి మూడు రోజులయితే బిడ్డను చూసుకుంటానని అత్తగారు ఒప్పుకుంది. మూడు రోజుల ఉద్యోగం ఎవరిస్తారు? వీళ్ళిద్దరూ ఒక పెళ్ళిలో పక్కపక్క విస్తళ్ళ ముందు కూర్చున్నారు. భక్ష్యాలు వడ్డించేవాడు వరస చివరినుంచి వీళ్ళ దాకా వచ్చేలోగా ఏర్పాటు ఖాయమైపోయింది. నీకు మూడు, నాకు మూడు. ఆవిడ వాటిని బొబ్బట్లంటుందని, ఇది భక్ష్యాలంటుందని, తేడా వచ్చింది అక్కడొక్కటేనని చెల్లెలు చెప్పింది.

దరఖాస్తు రాయించుకోవడానికి నా దగ్గరకు వచ్చారు. ఎం.ఏ. తెలుగు చదివినవాణ్ణి ఇంటివాళ్ళు వాడుకునేది పెళ్ళిపత్రికలకూ దరఖాస్తులకే గదా. నేను ఉత్సాహంగా మొదలుపెట్టాను. నన్నయభట్టు అరణ్యపర్వంలో శరత్కాలపు రాత్రులను వర్ణిస్తూ గంటం ఆపేశాడు. ఎందుకాగాడో గాని ఆ పర్వం అక్కడికి నిలిచిపోయింది. విరాటపర్వం నుంచి తక్కిన పదిహేను పర్వాలూ తిక్కన రాసినా, ఈ ఖాళీ మాత్రం అల్లాగే ఉంది. దాదాపు మూడు వందల ఏళ్ళ తరవాత ఎఱ్ఱన వచ్చి సరిగ్గా అక్కడే అందుకున్నాడు. అదే శరత్కాలం. నన్నయ రాత్రి దగ్గర ఆపితే ఎఱ్ఱన ఉదయాన్ని వర్ణిస్తూ ఎత్తుకున్నాడు. పైగా తన పేరు ముందుకు తోసుకోకుండా, ఆ భాగాన్ని కూడా నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రుడికే అంకితంగా నడిపాడు. ఆ ఎఱ్ఱన ఎవరనుకున్నారు? మన ఆళ్ళగడ్డ పక్కనున్న అహోబిలం స్వామి మీద నృసింహపురాణం రాసిన ఎఱ్ఱనే! ఒక పనిని ఇద్దరు పంచుకోవడానికి ఇంతకన్న ఏం ప్రమాణం కావాలి అని ఒకటిన్నర పేజీ రాశాను.

చెల్లెలు చదివి, పెన్ను తీసుకుని, ఒకటిన్నర పేజీకీ అడ్డంగా ఒక్క గీత గీసింది. “కరస్పాండెంటుకు నన్నయెందుకన్నా? ఆరు వేలూ ఆరు వేలూ అని రాయి.” అల్లాగే రాశాను.

ఆ కరస్పాండెంటుగారు చెడ్డమనిషి కాదు, లెక్కమనిషి. హాజరుపట్టీలో ఎవరి పేరుండాలన్నాడు. పిల్లల తల్లిదండ్రులు వచ్చి పోట్లాడితే ఎవరితో పోట్లాడాలన్నాడు. చివరికి 2009 నాటి విద్యాహక్కు చట్టం తీశాడు. పాఠాల తయారీతో కలిపి ఉపాధ్యాయుడికి వారానికి 45 గంటల పని అని అందులో ఉంది. గుంటూరు ఆవిడ తడుముకోకుండా “మేమిద్దరం కలిస్తే యాభై అవుతాయండీ. మీకు అయిదు లాభం” అందట. ఆయన నవ్వి, తలకు 5,500 ఇస్తానన్నాడు. ఇద్దరి పేర్లు రాయడానికి రిజిస్టరులో ఇంకు ఎక్కువ ఖర్చవుతుంది గాబోలు! బేరం సాగి సాగి 6,000 దగ్గర నిలిచింది. వేసవి సెలవుల జీతం సంగతి ‘తరవాత చూద్దాం’ అన్నాడు. అనుభవజ్ఞులు ఈ మాటకు అర్థం ఏమిటో ఎరుగుదురు.

నిజానికి బయటి దేశాల్లో ఇది పాతబడిన ఏర్పాటే. 1960ల్లోనే అమెరికాలో బోస్టన్ చుట్టుపట్ల బడుల్లో పిల్లలతల్లులు ఇద్దరేసి ఒక తరగతిని పంచుకుని చెప్పారు. హాలండులో ప్రాథమిక పాఠశాలకు పోయే పిల్లవాడికి వారంలో ఇద్దరు పంతులమ్మలుండటం మామూలు. బ్రిటనులో చిన్నపిల్లలున్న ఉద్యోగులు పనివేళలు మార్చమని అడిగే హక్కు 2003 ఏప్రిల్ నుంచి చట్టంలోకెక్కింది. యజమాని ఒప్పుకుతీరాలని లేదు గాని ఆలోచించి తీరాలి. మన సర్కారు కొలువులో ఆడవాళ్ళకు ప్రసూతి సెలవులున్నాయి, అవి మంచివే. కాని సెలవు వేరు, సగం పని వేరు. సెలవు తీరాక పిల్లలు ఒక్కసారిగా పెద్దవాళ్ళయిపోరు గదా.

మన ప్రాథమిక పాఠశాలలకు బాగా తెలిసింది దీనికి తలకిందుల విద్య. ఒకరి పనిని ఇద్దరు పంచుకోవడం కాదు, ఇద్దరు ముగ్గురి పనిని ఒకరు మొయ్యడం. మా నాయన ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేశాడు. ఒకే వసారాలో అయిదు తరగతులు. ఒకటో తరగతి వాళ్ళకు పలకమీద దిద్దబెట్టి, అయిదో తరగతికి లెక్క ఇచ్చి, మధ్యవాళ్ళ చేత ఎక్కాలు అరిపించేవాడు. ఆయనకు జ్వరమొస్తే బడికే జ్వరమొచ్చినట్టు. 1986 జాతీయ విద్యావిధానం వచ్చి, దాని వెంట నల్లబల్ల పథకం వచ్చి, ప్రతి బడికీ కనీసం ఇద్దరు పంతుళ్ళుండాలనీ, వీలయితే అందులో ఒకరు స్త్రీ కావాలనీ అన్నారు. విద్యాహక్కు చట్టం కూడా 60 మంది పిల్లల దాకా ఇద్దరినే ఇచ్చింది. అయిదు తరగతులకు ఇద్దరు! ఆ ఇద్దరూ తరగతుల్ని ఎల్లా పంచుకుంటారు, ఎవరు సెలవు పెడితే ఎవరు మోస్తారు అన్నది పల్లెల్లో రోజూ నడిచే కథే. ఆ లెక్కన మా వాళ్ళు చేస్తున్నది మరీ అంత వింత కాదు.

మొదట పూటల ప్రకారం పంచుకున్నారు. పొద్దుటిపూట చెల్లెలు, మధ్యాహ్నం ఆవిడ. నెల తిరక్కుండానే అది చెడింది. పొద్దున పిల్లలు కడిగిన ముత్యాల్లా వస్తారు. మధ్యాహ్నం అన్నం తిన్నాక, అందునా ఆళ్ళగడ్డ ఎండలో, మూడో తరగతి కాదు గదా సాక్షాత్తు సరస్వతి అయినా కునుకు తీస్తుంది. లేచిన పిల్లలు ఒకరికీ, నిద్రపోయే పిల్లలు ఇంకొకరికీ వాటా వచ్చాయన్నమాట. పైగా సగం పూట పనికి ఇద్దరికీ రోజంతా పోయేది. అప్పుడు పెళ్ళి విస్తరి ముందు అనుకున్న మొదటి మాటకే వచ్చారు. సోమ, మంగళ, బుధ ఇది. గురు, శుక్ర, శని ఆవిడ. బుధవారం సాయంత్రం బడి వదిలాక ఆవిడ చంటిబిడ్డ నెత్తుకుని వస్తుంది. అరగంట కూర్చుని అప్పగింతలు.

అప్పగింతలకు ఒక నోటుబుక్కు పెట్టుకున్నారు. అది నేను చూశాను. చూసిన తరవాత మా కాలేజీ రికార్డులన్నీ తీసి దాచుకోవాలనిపించింది. ‘తీసివేత, పదుల అప్పు దగ్గర ఆగాను. చివరి బెంచీకి ఇంకా అర్థం కాలేదు.’ ‘కిటికీ పక్క పిల్లకు కళ్ళు సరిగా ఆనడం లేదు, ముందుకు మార్చాను, మళ్ళీ వెనక్కి పంపొద్దు.’ ‘మొక్కలో భాగాలు చెప్పాను. వేరు పీకి చూపమన్నారు. గురువారం మీరు చూపండి.’ ఒకచోట ఆవిడ రాసింది: ‘వేరు చూపించాను. ఇంకెప్పుడూ మాట ఇవ్వకండి, బడి తోటమాలి నన్ను తిట్టాడు.’ నేను దరఖాస్తులో రాసి కొట్టేయించుకున్న ఎఱ్ఱన ఈ పుస్తకంలో బతికే ఉన్నాడు.

భాష దగ్గర కొంత తమాషా జరిగింది. చెల్లెలు బుడ్డలంటే ఆవిడ వేరుశనక్కాయలంటుంది. ఇది ‘చెయ్యల్ల’ అంటే ఆవిడ ‘చెయ్యాలి’ అంటుంది. పిల్లలు తికమకపడతారేమోనని ఇద్దరూ బెంగపెట్టుకుని నన్నడిగారు. తికమకా పాడా! పదిహేను రోజుల్లో ఆ పిల్లలు సోమవారం ఒక తెలుగూ గురువారం ఒక తెలుగూ మాట్లాడటం నేర్చుకున్నారు. మా బి.ఏ. క్లాసులో మాండలికాల మీద నేనిచ్చే ఉపన్యాసం వాళ్ళకు అక్కర్లేదు. తప్పించుకోవడానికి కూడా అంత చప్పున నేర్చుకున్నారు. “ఆ మేడం ఇంటిపని ఇయ్యలేదు మేడం” అని గురువారం, “ఆ మేడం పోయినవారమే చూసినారు మేడం” అని సోమవారం. నోటుబుక్కు లేకపోతే ఇద్దరూ ఆ 34 మంది చేతిలో ఓడిపోయి ఉండేవాళ్ళే.

తల్లిదండ్రులు మొదట రుసరుసలాడారు. ఫీజు పూర్తిగా కట్టి సగం టీచరును తీసుకోవడమేమిటని ఒకాయన అడిగాడట. తరవాత్తరవాత ఊరుకున్నారు. ఏడాది పొడుగునా ఆ తరగతికి టీచరు లేని రోజు ఒక్కటీ లేకపోవడం వాళ్ళ కళ్ళబడింది. ఒకరి ఇంట్లో జ్వరమైతే రెండో ఆవిడ రావడం, ఆ రోజుకు బదులు రోజు తీర్చుకోవడం, చేబదులు పంచదార ఇచ్చిపుచ్చుకున్నట్టు జరిగిపోయింది.

ఇంత సవ్యంగా నడుస్తూ ఉంటే మధ్యలో ఒక పిల్లవాడు జారిపోయాడు. అసలు చెప్పవలసింది ఆ సంగతే.

గోడవారను కూర్చునే పిల్లవాడు. అల్లరి లేదు, ఫిర్యాదు లేదు. తెలుగు వాచకం చదవమంటే లేచి నిలబడి గడగడా చదివేవాడు. దసరా సెలవుల ముందు ఒక బుధవారం గుంటూరు ఆవిడ కాస్త ముందుగా వచ్చి, బిడ్డను ఒళ్ళో పెట్టుకుని వెనక బెంచీమీద కూర్చుంది. చెల్లెలు వాణ్ణి చదవమంది. వాడు లేచి ఎప్పటిలాగే చదువుతున్నాడు. వెనకనుంచి ఆవిడకు వాడి చేతిలో పుస్తకం కనిపిస్తోంది. వాడు తెరిచిన పేజీ ఆ పాఠం కాదు. పక్కవాళ్ళు చదవగా విని మొత్తం పాఠాన్ని కంఠస్థం చేసి అప్పజెబుతున్నాడు. వాడికి అక్షరాలు రావు. గుణింతం అసలే రాదు.

ఆ అరగంట ఎల్లా గడిచిందో చెల్లెలు నాకు చెప్పినప్పుడు గొంతు పూడిపోయింది. వాడు తడబడ్డ రోజుల్లో చెల్లెలు అనుకుందట, ‘ఆమె అక్షరాలు బాగా దిద్దిస్తుంది, ఆమె చూసుకుంటుందిలే’ అని. ఆవిడ అనుకుందట, ‘ఎనిమిదేళ్ళ అనుభవం గల మనిషి, ఆమెకు తెలియకుండా ఉంటుందా’ అని. ఎవరూ ఎగ్గొట్టలేదు. నోటుబుక్కులో పాఠాలన్నీ ఉన్నాయి, వాడి పేరు మాత్రం జూను నుంచి ఒక్కసారైనా లేదు. ఒక్క పంతులమ్మే ఉన్నా ఇల్లాంటి పిల్లలు తప్పిపోవడం కద్దు. కాని ఒక్కతే ఉంటే ఎప్పటికో ఒకనాటికి ‘వీడు నా పిల్లవాడు’ అని ఆమెకు గుచ్చుకుంటుంది. ఇద్దరున్నచోట ఆ ముల్లు ఇద్దరి మధ్యా కింద పడిపోతుంది.

ఈ సంగతి కరస్పాండెంటుగారి దాకా పోతే ఏర్పాటు మొత్తం రద్దవుతుందని ఇద్దరికీ తెలుసు. చెప్పకుండా ఊరుకోవచ్చునా అని నన్నడగలేదు. మర్నాడు ఇద్దరూ కలిసి పోయి చెప్పారు. ఆయన చాలాసేపు పేపరువెయిటును తిప్పుతూ కూర్చుని, “ఇప్పుడు నేనేం చేయల్ల?” అన్నాడట. “ఏమీ వద్దు సార్, మాకు డిసెంబరు దాకా టైమివ్వండి” అని చెల్లెలు అంది.

అప్పుడు వాళ్ళు చేసిన మార్పు చాలా చిన్నది. 34 పేర్లనూ రెండు కాగితాల మీద రాసి తలా 17 మందిని తీసుకున్నారు. పాఠం ఎవరి రోజున వాళ్ళు అందరికీ చెబుతారు. కాని ఫలానా పిల్లకు చదవడం వచ్చిందా, ఫలానావాడు అన్నం సరిగా తింటున్నాడా, ఎవరింట్లో ఏం జరిగింది అన్నదానికి ఒక్కరే పూచీ. ప్రోగ్రెసుకార్డు మీద సంతకం కూడా ఆ ఒక్కరిదే. “మా ఇంట్లో విగ్రహానికి నలుగురు పనివాళ్ళు ఉలి పెడతారు. కన్ను చెడితే మాత్రం అడిగేది ఒక్కణ్ణే” అని గుంటూరు ఆవిడ అందట. ఈ ఉపాయం ఆవిడదే.

ఆ పిల్లవాడు ఆవిడ కాగితంలోకి వచ్చాడు. వాళ్ళ వీధిలోనే ఉంటాడు. సాయంత్రం వాళ్ళ ఇంటికి వస్తే, ముంగిట్లో గోడకానించిన శిలాఫలకాల ముందు కూర్చోబెట్టేది. గుళ్ళకూ సత్రాలకూ దాతల పేర్లు చెక్కిన రాళ్ళు. వాడు వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం లోతు తడిమి పలికేవాడు. రాతిలో గుడి ఎక్కడ తిరుగుతుందో, కొమ్ము ఎక్కడ మొదలవుతుందో వేలికి తెలుస్తుంది. పుస్తకంలో పాఠమయితే వాడు బట్టీపట్టేస్తాడు. ఎరగని దాతల పేర్లు ఎల్లా బట్టీపడతాడు? సంక్రాంతికి నేను ఆళ్ళగడ్డ పోయినప్పుడు వాడు నన్ను చెయ్యి పట్టుకుని లాక్కుపోయి, ఒక రాయి ముందు నిలబెట్టి, ఒకాయన పేరూ, ఆయన భార్య పేరూ, కీర్తిశేషులైన తల్లిదండ్రుల పేర్లూ ఆగి ఆగి చదివాడు. ‘జ్ఞాపకార్థం’ దగ్గర రెండుసార్లు తప్పాడు. మూడోసారి వచ్చింది. మా డిగ్రీ పిల్లల్లో కొందరికి అది ఇప్పటికీ రాదు.

ఇదంతా చూసి ఈ పద్ధతి అందరికీ మంచిదని చాటింపు వెయ్యడానికి నేను సిద్ధంగా లేను. సగం జీతానికి సగం పని అని పేరేగాని, వీళ్ళు చేసేది సగానికి బాగా పైమాటే. బుధవారం అరగంటకూ, నోటుబుక్కు రాయడానికీ, ఫోను మీద మాట్లాడుకోవడానికీ ఎవరూ పైసా ఇవ్వరు. యజమానికి ఇద్దరి బుద్ధి ఒకరి జీతానికి దొరికింది. ఇద్దరిలో ఒకరు మాటపడని మనిషయినా, రెండోవారిమీద పిల్లల ముందు ఒక్క మాట తూలినా, బండి అక్కడే విరిగేది. ఇన్ని కుదరాలి.

వేసవి జీతం ఇంకా ‘తరవాత చూద్దాం’ దగ్గరే ఉంది. ఆ దరఖాస్తు కూడా నేనే రాసిపెట్టాను, ఈసారి నన్నయ జోలికి పోలేదు. రోజుల పంపకం మీద మళ్ళీ కొంత తర్జనభర్జన నడుస్తోంది. ఆవిడకు ఈ ఏడు సోమవారం పక్షం కావాలట, చెల్లెలు శనివారం తనవల్ల కాదంటోంది. అది తేలకముందే జూనుకని కొత్త నోటుబుక్కు మాత్రం కొన్నారు. 200 పేజీలది. ఖరీదు చెరిసగం వేసుకున్నారు. మొదటి పేజీలో పాఠం లేదు, అటు సగం, ఇటు సగం పిల్లల పేర్లు రాసుకోవడానికి గీతలు గీసి ఉంచారు.